ఖాడీలో పారేసిన దీపాలు

ఇటువంటి సంగతులు మోసినవాళ్లు వాటిని బరువు అంటారు. నాకది వాసనగానే తెలుసు. సూరత్‌లో మిల్లుల రంగునీళ్లూ ఇళ్ల మురుగూ కలిసి పారే కాలువను ఖాడీ అంటారు. కరోనా వచ్చిన ఏడు, దీపావళికి ముందు రోజు మధ్యాహ్నం, ఆ కాలువ గట్టు మీద నిలబడి నేనొక పని చేశాను. అప్పటి నుంచి ఆ వాసన నన్ను వదల్లేదు. అన్నం ముందు కూర్చుంటే వస్తుంది. సభలో చప్పట్లు మోగుతుంటే వస్తుంది. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే నోరు పెగలుతోంది. ఇదీ ఒక పిరికితనమేనని నాకు తెలుసు.

నేను హేతువాదిని. రింగ్ రోడ్‌లో ఒక బట్టల సేఠ్ దగ్గర గుమాస్తా పని, మిగతా వేళల్లో వ్యాసాలు. మేముండే గల్లీ నిండా తెలుగువాళ్లే. ఉత్తర తెలంగాణ నుంచి వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, మిల్లుల్లో పనిచేసేవాళ్లు. ఆదివారాలు అక్కడ ఒక చర్చావేదిక నడిపేవాణ్ని. దానికి ఒకటే నియమం పెట్టాను. ఎదుటివాడి వాదనను వాడికంటే బలంగా ముందు నువ్వే చెప్పాలి, తర్వాతే ఖండించాలి. శకునాల మీద, దిష్టి మీద, మొగుడు పోయిన ఆడమనిషి ఎదురొస్తే మొహం తిప్పుకునే అలవాటు మీద నేను రాసిన వ్యాసాలను చాలామంది మెచ్చుకున్నారు. పండక్కి విధవ చేతి నుంచి పూవు పుచ్చుకోలేని వాడు మనిషే కాదని ఒక వ్యాసంలో రాశాను. ఆ వాక్యం నాకిప్పటికీ నోటికి వచ్చు. అదే నాకు శిక్షేమో.

మా గల్లీలో రాజేశం, సరోజన అని భార్యాభర్తలు ఉండేవాళ్లు. రాజేశం చీరల డబ్బాలు తయారుచేసే కార్ఖానాలో అట్టలు కోసే మిషను మీద పని. అట్టను ఒక ఆకారంలో కోయడానికి డై అని ఒకటి ఉంటుంది. చెక్కపలకలో సన్నటి బ్లేడును నెమలిగానో మామిడిపిందెగానో ప్రమిదగానో వంచి దిగ్గొడతారు. అవి మొద్దుబారితే కార్ఖానావాళ్లు మూలన పడేస్తారు. రాజేశం వాటిని అడిగి తెచ్చి, సాన పట్టి, చేత్తో తిప్పే పాత రోలరు మిషనొకటి భార్యకు కుదిర్చాడు. సరోజన డై మీద రంగు అట్ట పరిచి, పైన పలక పెట్టి, రోలర్ల మధ్యకు తోసి పిడి తిప్పేది. కర్రుమని ఒక చప్పుడు. అవతలికి వచ్చేసరికి అట్టలో ప్రమిద తెగి ఉండేది. దాన్ని మైదా జిగురుతో మడతకాగితం మీద అంటించి దీపావళి కార్డు చేసేది.

ఆమె కార్డుల్లో ఒక ప్రత్యేకత ఉంది. డబ్బాల అట్ట మీద పూలతీగ అచ్చయి ఉంటుంది. ప్రమిద కోస్తే తీగ సగం ప్రమిద మీదికి పోతుంది, సగం మిగిలిన అట్ట మీద ఉండిపోతుంది. నడుమ కంత పడిన ఆ అట్టను ఆమె పారేసేది కాదు. కార్డు మీదా, ఈ అట్ట వెనకా కార్డు పోయే ఇంటివాళ్ల పేరు రాసి, అట్టను తన దగ్గరే పెట్టుకునేది. ఏ ప్రమిదనైనా దాని కంతలో పెడితేనే తీగ కలుస్తుంది.

దీపావళి మరునాడు గుజరాతీలకు కొత్త సంవత్సరం. ఒకరింటికి ఒకరు పోయి సాల్ ముబారక్ చెప్పుకుంటారు. దుకాణాలు మళ్లీ తెరిచే లాభపాంచమ్ దాకా ఈ రాకపోకలు సాగుతాయి. మావాళ్లకూ అది అలవాటైంది, సరోజన కార్డుల వల్ల మా గల్లీలో దానికో పద్ధతి కూడా ఏర్పడింది. కార్డు అందినవాళ్లు దాన్ని పట్టుకుని లాభపాంచమ్ లోపల ఆమె గుమ్మానికి పోతారు. ఆమె కంత తీసి ప్రమిద పెట్టి చూపిస్తుంది, తీగ కలిసిందని పిల్లలు గోల చేస్తారు, తలా ఒక గర్జె, అదే కజ్జికాయ, తిని వస్తారు. కార్డు రాకపోతే పోరు. ఒకసారి పక్కింటి నర్సవ్వతో నీళ్ల నల్లా దగ్గర తగువైంది. ఆ ఏడు సరోజన కార్డు పంపలేదు, నర్సవ్వ గడప తొక్కలేదు. మరుసటి ఏడు కార్డు పోయింది. నర్సవ్వ వచ్చింది. క్షమించమని ఎవరూ ఎవరినీ అడగలేదు. గర్జెలో కొబ్బరి తక్కువైందని మాత్రం నర్సవ్వ అన్నది.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, నేను పారేసినవి కాగితాలని మీరు అనుకోకూడదు.

కరోనా వచ్చింది. సాంచాలు ఆగాయి. కొందరు ఊళ్లకు పోయారు, కొందరు ఒంటిగది ఖోలీల్లో ఇరుక్కుపోయారు. వానాకాలంలో రాజేశానికి జబ్బు చేసింది, ఆస్పత్రికి తీసుకుపోయారు, అక్కడే పోయాడు, ఆమెకు ముఖం కూడా చూపించలేదు. సరోజనకూ వచ్చింది, తగ్గింది, ఇంటికి తిరిగొచ్చింది. వచ్చేసరికి గల్లీ మారిపోయి ఉంది. ఆమె గుమ్మం ముందు ఫినాయిల్ పోశారు. నల్లా దగ్గర ఆమె వంతు అందరి తర్వాత. ఆమె కనిపిస్తే పిల్లల్ని లోపలికి లాక్కున్నారు.

నేను ఊరుకోలేదు. గల్లీ మొగలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. జాగ్రత్త వేరు, వెలి వేరు అన్నాను. కోలుకున్న మనిషిని అంటరానిదాన్ని చేయడానికి వైరస్ అక్కర్లేదు, మన తాతలు నేర్పిన బుద్ధి చాలు అన్నాను. మాటలతో ఆగకుండా, అందరూ చూస్తుండగా ఆమె గడప మీద కూర్చుని ఆమె ఇచ్చిన చాయ్ తాగాను. మాస్కుల వెనక నుంచి మెచ్చుకోలుగా చూశారు. ఒకతను చప్పట్లు కొట్టాడు.

ఇంటికి పోయి తలుపు వేసుకుని, వేడినీళ్లలో ఉప్పూ పసుపూ వేసి, వాంతి వచ్చేదాకా పుక్కిలించాను. నాలుకను గీరాను, గీరాను, రక్తం వచ్చింది. చొక్కా నానబెట్టాను. అప్పటికి ఆమెకు తగ్గి చాలా రోజులైంది. ఆమె నుంచి ఎవరికీ ఏమీ రాదని పొద్దున చెప్పింది నేనే. అయినా నాలుక మీద ఏదో పాకుతున్నట్టుండింది. దాన్ని ఏమంటారో ఆ రోజే నన్ను నేను అడిగి ఉండాల్సింది. అడగలేదు. భయమని పేరు పెట్టి ఊరుకున్నాను. భయం గౌరవనీయమైన మాట.

దీపావళి దగ్గరపడింది. సరోజన కబురు పెడితే పోయాను. ముందరి గదిలో నేల మీద కూర్చుని ఉంది, చుట్టూ తెగిన ప్రమిదలు. నన్ను చూసి నవ్వింది. “అన్నా, దేవుణ్నైతే నమ్మవు, దీపాన్నన్న నమ్ముతవా? కాయితం దీపం, నూనె ఖర్చు గుడ లేదు, నీ అసొంటోళ్లకు మంచిగుంటది.”

ఏడాది తిరగందే తమకు పండుగ లేదని తనే అన్నది. పండుగ కోసం కాదు, మనుషుల కోసం చేస్తున్నానన్నది. ఇంట్లో మాట్లాడేవాళ్లు లేక మిషనుతో మాట్లాడుతున్నదట. తను ఇంటింటికీ పోతే తలుపులు మూస్తారు, నా చేతి నుంచైతే తీసుకుంటారు, అందుకని నేనే పంచిపెట్టాలి. మాట్లాడుతూనే ఒకదానికొకటి అంటుకున్న కార్డులను విడదీస్తోంది. వేలు నాలుక కొసకు తాకించి, తడి చేసి, ఒక్కొక్కటే లాగుతోంది. నేను ఆ వేలును చూస్తున్నాను. ఆమె నా పేరున్న కార్డు తీసి అన్నిటికంటే పైన పెట్టింది. నాదే మొదటిదట. కార్డులన్నీ సంచీలో వేసి నా చేతికిచ్చింది.

సంచీ పట్టుకుని మా మెట్ల దాకా వచ్చాను. పైన మా అమ్మాయి ఉంది. నెలలు నిండాయి, ఆ పండుగలోనో పండుగ దాటాకో కాన్పు. మెట్ల దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. స్కూటర్ తీశాను.

ఖాడీ దగ్గర ఆ వేళ ఎవరూ లేరు. నీళ్లు ఆ రోజు ఊదా రంగులో ఉన్నాయి. సంచీ బోర్లించాను. మునిగిపోతాయనుకున్నాను. మునగలేదు. మెరుపు అట్ట కదా, తేలాయి. నురుగులో, ప్లాస్టిక్ కవర్ల మధ్య, ఉబ్బిన ఎలుక ఒకటి ఉంది, దాని పక్కకు పోయి ఆగాయి ప్రమిదలన్నీ. పైకి చూస్తూ. పేర్లు కనిపిస్తున్నాయి. ఎవరైనా చదువుతారని కర్ర తెచ్చి ఒక్కొక్కదాన్నీ లోపలికి పొడిచాను. నా పేరున్నది కూడా. పొడిచేటప్పుడు బురద చిమ్మి నా పెదవి మీద పడింది. ఆ కంపు చెప్పాను కదా, అదే. అది పోలేదు.

ఇప్పుడు మా నియమం ప్రకారం ఎదుటి పక్షం వాదన చెబుతాను. ఎదుటి పక్షం నేనే. జబ్బు చేసి లేచిన మనిషి, ఉమ్మి తడితో తాకిన కాగితాలు. పైన నిండు చూలాలు. ఆ రోజుల్లో కూరగాయలు కూడా సబ్బునీళ్లతో కడుక్కున్నాం. తండ్రిగా జాగ్రత్త పడ్డాడు, అంతే కదా? బలమైన వాదనే. చాలా రోజులు దీని నీడలోనే బతికాను.

ఖండన. జాగ్రత్తే అయితే సంచీని మెట్ల కింద కొన్ని రోజులు వదిలేస్తే సరిపోయేది. కాగితం మీద ఏదీ ఎక్కువ రోజులు నిలవదని గల్లీకంతటికీ చెప్పిందెవరు? లేదా నేరుగా మిగతా ఇళ్లకు పంచి, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని ఉండొచ్చు. లేదా నాకు భయంగా ఉంది, ఇంకెవరికైనా ఇవ్వు చెల్లె అని ఆమెతోనే చెప్పి ఉండొచ్చు. ఆమె నవ్వి ఇంకొకరికి ఇచ్చేది. ఇవేవీ నాకు తోచలేదు. ఎందుకు తోచలేదు? వైరస్ గురించి నేను ఆలోచించనే లేదు కాబట్టి. మెట్ల దగ్గర నిలబడ్డప్పుడు నా తలలో ఉన్న మాట ఇది: మొగుడు పోయి మూడు నెలలు కాని మనిషి చేసిన దీపం, నిండు చూలాలున్న ఇంటికి, కొత్త సంవత్సరం పూట, అన్నిటికంటే ముందు. అపశకునం. ఆ మాటే. ఏళ్ల తరబడి నేను వేదికల మీద చీల్చి ఆరేసిన మాట, లోపల పండుకుని ఉంది, చెక్కుచెదరకుండా. వెంట ఆమె వేలి తడి జ్ఞాపకం వచ్చింది, సంచీని ఒంటికి దూరంగా పట్టుకున్నాను. అది రోగం మీద అసహ్యం కాదు. ఆమె మీద. బోసి నుదురు మీద. ఇది రాస్తుంటే నా వేళ్ల మీద నాకే రోత పుడుతోంది.

కొన్నాళ్లకు మా అమ్మాయికి పాప పుట్టింది, ఆరోగ్యంగా. ఆ కబురు వినగానే నా మనసులో మెదిలిన మొదటి మాట తెలుసా మీకు? ‘పారేసి మంచి పని చేశాను.’ నేను, హేతువాదిని.

కొత్త సంవత్సరం పొద్దున సరోజన ఇంటికి పోయాను. పోకపోతే అనుమానిస్తుందని పోయాను. ముందరి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు దారం కట్టి, కంతలు పడిన అట్టలన్నిటినీ వరసగా వేలాడదీసింది. ఎవరు వస్తే వాళ్ల దీపం పెడుతుంది. నన్ను చూడగానే లేచి మొదటి అట్ట అందుకుంది. కార్డు తెచ్చావా అన్నది. తొందరలో ఇంట్లో మరిచానన్నాను. మతిమరుపు సారువని ఎగతాళి చేసి గర్జె ఇచ్చింది. తిన్నట్టు నటించి జేబులో వేసుకున్నాను. గల్లీ మలుపు తిరిగాక పారేశాను. చొక్కా జేబుకు నూనె మరక పడింది. మా ఆవిడ ఎన్నిసార్లు ఉతికినా పోలేదు.

ఆ రోజు ఎవరూ రాలేదు. మరునాడూ రాలేదు. ఎలా వస్తారు?

లాభపాంచమ్‌కు ముందు రోజు నర్సవ్వ నన్ను నల్లా దగ్గర ఆపింది. గొంతు తగ్గించి మాట్లాడింది. ఫినాయిల్ పోసింది తనేనని, తప్పయిందని, పిల్లలకు ఏమన్నా అవుతుందని బుద్ధి పనిచేయలేదని చెప్పింది. కార్డు వస్తే అందరం కలిసి పోదామనుకున్నారట.

“కార్డు పంపలే. పిలువంది ఎట్ల పోవాలె సారూ? కోపమా, పండుగ లేదనా? నీకేమన్న చెప్పిందా?”

ఇక్కడ ఆగండి. ఇంతవరకు చేసినదానికి మీరేదైనా సాకు వెతికి పెట్టి ఉంటే, దయచేసి వదిలేయండి. ఇంకా ఒక రోజు ఉంది. ఒక్క మాట చాలు. కార్డులు పోయినయి, నా వల్లనే పోయినయి, పోండ్రి అంటే చాలు. కనీసం రమ్మన్నదని అబద్ధం చెప్పినా చాలు, పోయేవాళ్లు. కానీ కార్డులేవని సరోజన వాళ్లను అడిగితే? నా చాయ్ చూసి చప్పట్లు కొట్టినవాడు అడిగితే? నేను నర్సవ్వతో ఏమన్నానంటే, ఆమె బాధలో ఉంది, ఇప్పుడు కదిలించకండి. నర్సవ్వ తల ఊపింది. “నువ్వు చదువుకున్నోనివి, నీకు తెలుస్తది” అని బిందె ఎత్తుకుని పోయింది.

లాభపాంచమ్ సాయంత్రం సరోజన నన్ను పిలిపించింది. ఆ సంభాషణ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆమె దారం మీది అట్టలను ఒక్కొక్కటే తీస్తోంది.

“అందరికి ఇచ్చినవా అన్నా?”

“ఇచ్చిన.”

“నర్సవ్వకు గుడ?”

“నర్సవ్వకు గుడ.”

“ఏమన్నదే?”

“ఏమనలే. తీస్కున్నది.”

“మంచిగ చూసిందా, అట్లనే పక్కకు పెట్టిందా?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ఆలస్యాన్ని ఆమె జవాబుగా తీసుకుంది. పక్కకు పెట్టిందన్నమాట. నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు.

“మా ఆయన ఉండంగ ఈ గడప ఖాళీగ లేకుండె,” అన్నది. తర్వాత నవ్వడానికి ప్రయత్నించింది. “పోనీ తియ్. గర్జెలన్ని నేనే తింటున్న. మిషను తిననంటున్నది.”

ఇక్కడితో ఆపినా నేను నీచుణ్నే. కానీ ఆపలేదు. ఒక వ్యాసం రాశాను. కోలుకున్న ఒక స్త్రీ ఇంటింటికీ కాగితం దీపాలు పంపింది, ఒక్కరూ గడప తొక్కలేదు, గోడకు వేలాడుతున్న ఆ కంతలే మన సమాజపు ముఖాలు అని రాశాను. రాస్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నాను, అదీ నిజమే. వ్యాసం అచ్చయింది. చాలా ఫోన్లు వచ్చాయి. ఒక సభలో చదివించారు, చప్పట్లు కొట్టారు, నా ముక్కుకు ఖాడీ వాసన కొట్టింది, నమస్కారం పెట్టాను. ఆ పత్రిక మా గల్లీలో ఎవరూ చదవరు. అది నాకు తెలుసు, ఆ ధైర్యంతోనే రాశాను. మనవాళ్లు చదవడం లేదని ప్రతి ఆదివారం బాధపడినవాణ్ని, వాళ్లు చదవకపోవడాన్ని చాటు చేసుకున్నాను. ఫినాయిల్ పోసినందుకు సిగ్గుపడి, కార్డు కోసం ఎదురుచూసిన మనుషులను, మూర్ఖులుగా అచ్చు వేయించాను.

ఎండాకాలానికి రెండోసారి జబ్బు విజృంభించేముందు సరోజన ఖోలీ ఖాళీ చేసింది. మహారాష్ట్రలో, భివండీలో అక్క ఉంది, అక్కడికి. డైలూ మిషనూ టెంపోలో ఎక్కించింది. గల్లీలో ఎవరికీ చెప్పలేదు. నర్సవ్వ తలుపు దగ్గర నిలబడి చూసింది, సరోజన అటు చూడలేదు. ఇద్దరి మధ్యా నేను నిలబడి ఉన్నాను, సామాన్లు అందిస్తూ. చివర ఒక కట్ట నా చేతిలో పెట్టింది. కంతల అట్టలు. “నువ్వొక్కనివే అచ్చినవు. నీ దగ్గరుండనియ్,” అన్నది.

అవి నా పుస్తకాల వెనక ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి చూస్తాను. సగం తీగలు. పైన ఉన్నది నాది, ఆమె చేతిరాతలో నా పేరు.

నర్సవ్వ ఇప్పటికీ ఆ గల్లీలోనే ఉంది. సరోజనకు తమ మీద కోపం తీరలేదనుకుంటుంది. భివండీలో సరోజన ఏమనుకుంటోందో నేను చెప్పనక్కర్లేదు. ఆమె నంబరు నా దగ్గరుంది. ఫోన్ చేయలేదు. కొన్నిసార్లు నొక్కి, మోగకముందే కట్ చేశాను. చేస్తానని మీకు మాట ఇవ్వను. నా మాటల ఖరీదు మీరిప్పుడే చూశారు.

ఈ వ్యాసం కింద మాత్రం పేరు లేదు. ఇన్ని వ్యాసాల కింద పెద్ద అక్షరాలతో పేరు వేయించుకున్నవాణ్ని, నిజం రాసిన ఒక్కదాని కింద వేయలేకపోతున్నాను. మీరు క్షమించకండి. క్షమించడానికి మీరు ఎవరు? గర్జె తిననిది నేను, పెట్టింది ఆమె.

అయినా ఇన్నాళ్లూ ఏ భాషలోనూ బయటికి రాని మాట ఒకటుంది. దాన్ని రాయడానికే ఇదంతా రాశాను. కార్డులు ఎవరికీ అందలేదు, సరోజనా. వాళ్లు నీ కోసం ఎదురుచూశారు. నేనే పారేశాను.

రాసి చదువుకున్నాను. వాసన పోలేదు. కిటికీ తెరిచాను.